పాత రేడియో నాటకాలు, పాటలు వినాలంటే: ట్రాన్సిస్టరా, యాప్పా, యూట్యూబా, ఇంట్లో క్యాసెట్లా?

గుడివాడలో మా పెదనాన్నగారికి ఎనభై దాటాయి. కళ్లు మసక, చెవులు మాత్రం ఇంకా పదునే. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు "నండూరి సుబ్బారావు గణపతి నాటకం వచ్చేది చూడు రేడియోలో, ఒక్కసారి వినిపించరా" అన్నారు. ఇదెంత పని అనుకున్నాను. ఫోన్లో యూట్యూబ్ తెరిచి, కనిపించిన మొదటిది పెట్టి, ఫోను మంచం పక్కన స్టూలు మీద ఉంచి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి ఫోను బోర్లా పడి ఉంది. "అప్పుడే అయిపోయిందేంట్రా? మధ్యలో ఎవడో వచ్చి అప్పులిస్తానంటున్నాడు" అన్నారు. అది ప్రకటన అనీ, ఒక బటన్ నొక్కితే పోతుందనీ చెప్పాను. ఆ బటన్ ఎక్కడుందో ఆయనకి కనపడదు.

ఆ తర్వాత రెండు మూడు నెలలు రకరకాలుగా ప్రయత్నించాను. పాత రేడియో కార్యక్రమాలు వినాలని ఉండి, ఎలా మొదలుపెట్టాలో తేలక ఆగిపోయినవాళ్లకి ఆ అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను. ఆకాశవాణి తెలుగు కార్యక్రమాల సంగతే ఎక్కువగా చెబుతాను. నాకు తెలిసింది అదే.

## ముందు తేల్చుకోవాల్సిన మూడు సంగతులు

మొదటిది, మీట ఎవరు నొక్కుతారు? ధ్వని నాణ్యత, ధర, కార్యక్రమాల సంఖ్య అన్నీ దీని తర్వాతే. వినే మనిషి తనంతట తాను పెట్టుకోలేకపోతే ఎంత మంచి ఏర్పాటైనా వారం రోజుల్లో మూలపడుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు వచ్చి పెట్టేదాకా ఎదురుచూడటం పెద్దవాళ్లకి చిన్నతనంగా ఉంటుంది. పైకి అనరు, వినడం మానేస్తారు.

రెండోది, వినాలనుకుంటున్నది మాటా, పాటా? మీడియం వేవ్‌లో (సెట్టు మీద ఎం.డబ్ల్యూ. లేదా ఏ.ఎం. అని ఉండే బ్యాండు) స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడమే ఉంటుంది. అందులో దాదాపు నాలుగున్నర కిలోహెర్ట్జ్ దాకా ధ్వని మాత్రమే ఇముడుతుంది. మనిషి గొంతుకి అది చాలు. నాటకం, ప్రవచనం, హాస్యం ఇందులో హాయిగా వినొచ్చు. వయొలిన్, వీణ మాత్రం దుప్పటి కప్పినట్టు వినిపిస్తాయి. ఎఫ్.ఎం. 15 కిలోహెర్ట్జ్ దాకా అందిస్తుంది కాబట్టి పాటకి అదే మేలు.

మూడోది, కోరుకున్నప్పుడు వినాలా, వచ్చినప్పుడు వినాలా? ఇది రుచికి సంబంధించిన విషయం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాటకం వస్తుందని వారమంతా ఎదురుచూడటంలో ఒక ఆనందం ఉండేది. అది కావాలంటే ప్రత్యక్ష ప్రసారమే దారి. ఫలానా నాటకమే, ఇప్పుడే కావాలంటే రికార్డింగు వెతుక్కోవాలి. రెండూ ఒకే చోట దొరకవు.

ఖర్చు గురించి విడిగా చెప్పడం లేదు. ఒక్క రెడీమేడ్ పెట్టె తప్ప మిగతావన్నీ సామాన్యుడికి అందేవే.

| మార్గం | ఎవరైనా నడపగలరా | దేనికి బాగుంటుంది | కోరినప్పుడు దొరుకుతుందా | పెద్ద చిక్కు |
|---|---|---|---|---|
| ట్రాన్సిస్టర్ | అవును | మాట, నాటకం | లేదు | గరగర |
| ఆకాశవాణి యాప్ | ఫోను అలవాటుంటే | మాట, పాట రెండూ | లేదు | నెట్ ఉండాలి |
| యూట్యూబ్ తదితరాలు | ఫోను బాగా తెలిస్తే | పాత నాటకాలు | అవును | ప్రకటనలు, తప్పు పేర్లు |
| సొంత క్యాసెట్లు | ఒకసారి ఎక్కించాక, అవును | ఇంకెక్కడా దొరకనివి | అవును | ఓపిక కావాలి |
| పాటలు నింపిన పెట్టె | అవును | సినిమా పాటలు | అవును | నాటకాలు ఉండవు |

## ట్రాన్సిస్టర్

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్. పాతకాలం వాళ్లకి 358.4 మీటర్లు అంటే చప్పున గుర్తొస్తుంది. హైదరాబాద్ 738. తిరగేసి చూడండి, అవే మూడు అంకెలు. చిన్నప్పుడు ముల్లు తిప్పుతూ ఈ సంగతి కనిపెట్టి నేనేదో రహస్యం ఛేదించినట్టు గంతులేశాను.

ట్రాన్సిస్టర్ గొప్పతనమంతా ఆ గుండ్రటి మీటలోనే ఉంది. ఒకటి తిప్పితే మోగుతుంది, ఇంకోటి తిప్పితే స్టేషన్ మారుతుంది. చీకట్లో తడిమి పెట్టుకోవచ్చు. మా పెదనాన్నగారికి ఇంతకంటే తేలికైంది ఇంకోటి కనిపెట్టలేం.

కొనేటప్పుడు జాగ్రత్త. నేను ఆన్‌లైన్లో ఒకటి తెప్పించాను. బొమ్మలో రెండు బ్యాండ్లు ఉన్నట్టే ఉంది. పెట్టె విప్పి చూస్తే ఎఫ్.ఎం. ఒక్కటే. ఇప్పుడు 'రేడియో' అని అమ్మేవాటిలో చాలావాటికి మీడియం వేవ్ ఉండదు. ఫోన్లలో వచ్చే రేడియో కూడా ఎఫ్.ఎం. మాత్రమే. డయల్ మీద 530 నుంచి 1600 దాకా అంకెలున్నాయో లేదో చూసి కొనండి. వీలైతే కొట్లోనే పెట్టించి వినండి. మీ ఊళ్లో మీడియం వేవ్ ఇప్పుడు ఎంత బాగా అందుతోందో పక్కింటివాళ్ల సెట్టు అడిగి తెచ్చి చూసుకుంటే ఇంకా మంచిది.

ఇక గరగర. ఇంటికి తెచ్చి పెట్టగానే "అబ్బే, ఏం వినపడట్లేదు" అని చాలామంది పక్కన పడేస్తారు. తప్పు రేడియోది కాకపోవచ్చు. ఎల్.ఈ.డీ. బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టరు, టీవీ పెట్టె, ఇవన్నీ మీడియం వేవ్‌లో రొద పెడతాయి. మా పెదనాన్నగారి గదిలో ఒక్క ట్యూబులైటు స్థానంలో పెట్టిన ఎల్.ఈ.డీ. ఆపగానే సగం గోల పోయింది. కరెంటు పోయినప్పుడైతే స్టేషన్ అద్దంలా వచ్చింది. ఇంకో చిట్కా: సెట్టు లోపల నల్లటి కడ్డీ ఒకటి ఉంటుంది, ఏరియల్ అదే. దానికి దిక్కు ఉంటుంది. పైకి లాగే తీగ ఎంత సాగదీసినా మీడియం వేవ్‌కి లాభం లేదు. మొత్తం సెట్టునే నెమ్మదిగా పక్కకి తిప్పుతూ పోతే ఒకచోట గొంతు పైకి తేలుతుంది. కిటికీ దగ్గర పెట్టి అక్కడే వదిలేయండి. ఇల్లు ఊడ్చేవాళ్లకి కూడా చెప్పండి, జరపొద్దని.

లోటల్లా ఒకటే. ఏమి వస్తే అది వినాలి. పాత నాటకాలు మళ్లీ వేస్తుంటారు గానీ, మీరు అడిగింది మీరు అడిగిన రోజున రాదు.

## ఆకాశవాణి యాప్

ప్రసార భారతి వారి 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్‌లో దేశంలోని రెండు వందలకి పైగా స్టేషన్లు ప్రత్యక్షంగా వస్తాయి. డబ్బులు కట్టక్కర్లేదు. విజయవాడ, హైదరాబాద్, విశాఖ అన్నీ ఉన్నాయి. 2024 నవంబరులో వచ్చిన 'వేవ్స్' యాప్‌లో కూడా రేడియో ఉంది, కాకపోతే అందులో టీవీ, సినిమాల హడావిడి ఎక్కువ. రేడియో కోసమే అయితే మొదటిది చాలు.

ధ్వని శుభ్రంగా ఉంటుంది. గరగర ఉండదు. సంగీతం వినేవాళ్లకి మీడియం వేవ్‌కీ దీనికీ పోలికే లేదు. పొద్దున్నే భక్తిరంజని వినే అలవాటున్నవాళ్లు ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్‌కి కలిపి వినండి, తంబుర శ్రుతి కూడా విడిగా తెలుస్తుంది. డేటా భయం అక్కర్లేదు. సెకనుకి 64 కిలోబిట్ల ప్రసారమైతే గంటకి 30 ఎంబీ లోపే.

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇది వరం. అయితే గడియారం అడ్డొస్తుంది. ఇక్కడ ఆదివారం మధ్యాహ్నం మూడంటే వేసవిలో న్యూజెర్సీలో తెల్లవారుజాము ఐదున్నర. నాటకం కోసం అలారం పెట్టుకుని లేచే బాపతు ఉన్నారు, నాకు తెలుసు, వాళ్లకి దండం. ఇంకో మాట: యాప్‌లో ప్రసారం అసలు రేడియో కంటే కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంది. వార్తల ముందు వచ్చే బీప్‌లు విని గోడగడియారం సరిచేసుకునే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు.

పెద్దవాళ్లకి మాత్రం ఇది కష్టమే. పొద్దున ఫోను వచ్చిందంటే రేడియో ఆగుతుంది. మళ్లీ మొదలుపెట్టడం తెలియదు.

## యూట్యూబ్, ఇంటర్నెట్ ఆర్కైవ్

ఫలానా నాటకమే కావాలంటే ముందు వెతకాల్సింది ఇక్కడే. ఆకాశవాణి కేంద్రాలు సొంతంగా పెట్టినవి ఉన్నాయి. అభిమానులు తమ క్యాసెట్ల నుంచి ఎక్కించినవి అంతకంటే ఎక్కువ. ఉషశ్రీ గారి రామాయణ భారత ప్రవచనాలు, కన్యాశుల్కం, వరవిక్రయం లాంటి నాటకాలు వెతికితే దొరుకుతాయి. ఆ రోజుల్లో స్పూల్ టేపులు ఖరీదు. ఒకసారి ప్రసారమయ్యాక అదే టేపు మీద ఇంకోటి రికార్డు చేయడం రేడియోలో మామూలు. అలా పోయినవి పోగా, ఎవరింట్లోనో టూ-ఇన్-వన్‌లో (రేడియో, టేపు రికార్డరు కలిసిన సెట్టు) పట్టి ఉంచినవే చాలాసార్లు మనకి మిగిలాయి. కాబట్టి ధ్వని బాగాలేదని ఎక్కించినవాళ్లని తిట్టుకోకండి.

చిక్కులు మూడు. ప్రకటనలు ఒకటి, ఆ కథ పైనే చెప్పాను. రెండోది పేర్లు. విజయవాడ నాటకానికి హైదరాబాద్ అని రాస్తారు, నటుల పేర్లు తారుమారు చేస్తారు. వర్ణనలో రాసింది నమ్మకుండా మొదట్లో అనౌన్సరు చెప్పే పేర్లు వినండి. మూడోది, ఈ రోజు ఉన్న వీడియో రేపు ఉంటుందన్న నమ్మకం లేదు. హక్కుల గొడవ వస్తే తీసేస్తారు. పాత ఆడియోలు, పుస్తకాలు ఉచితంగా దాచే వెబ్‌సైటు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రకటనలు ఉండవు. ఎక్కించినవాళ్లు అనుమతిస్తే దించుకోవచ్చు కూడా. కాకపోతే తెలుగులో అక్కడ వెతకడానికి ఓపిక కావాలి. పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు రకాలుగా కొట్టి చూడాలి.

## ఇంట్లో ఉన్న క్యాసెట్లు

నాకు బాగా నచ్చిన దారి ఇది, అందరికీ చెప్పను మాత్రం. మా అత్తయ్య ట్రంకు పెట్టెలో పద్నాలుగు క్యాసెట్లు దొరికాయి. వాటిలో ఒకదాని మీద పెన్సిల్‌తో 'గణపతి - రేడియో' అని ఉంది. మామయ్య రికార్డు చేసి, పైన ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరగ్గొట్టి ఉంచాడు. అవి విరగ్గొడితే దాని మీద మళ్లీ రికార్డు కాదు. ఆ జాగ్రత్త వల్లే మిగిలింది.

మీకూ అలాంటి పెట్టె ఉంటే వరసగా చేయాల్సినవి ఇవి. ముందు టేపు రికార్డరు సంగతి చూడండి. ఏళ్ల తరబడి వాడకపోతే లోపలి రబ్బరు బెల్టు కరిగి జిగురవుతుంది. బెల్టు మార్పించకుండా క్యాసెట్టు పెట్టారా, టేపు చుట్టుకుపోయి తెగుతుంది. తర్వాత క్యాసెట్టుని పెన్సిల్‌తో నాలుగు చుట్లు తిప్పి, తేలిగ్గా తిరుగుతోందో లేదో చూడండి. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే మీరు ముట్టుకోకండి, పని తెలిసినవాళ్లకి ఇవ్వండి.

గొంతు బొంగురుగా, మూతికి గుడ్డ కట్టుకుని మాట్లాడినట్టు వస్తుంటే కంగారు పడొద్దు. ఒక సెట్టులో రికార్డు చేసింది ఇంకో సెట్టులో పెడితే అలా వస్తుంది. టేపుని తాకే హెడ్డు పక్కన సన్నటి స్క్రూ ఉంటుంది. క్యాసెట్టు తిరుగుతుండగా దాన్ని పావువంతు అటూ ఇటూ తిప్పితే ఒక్కసారిగా స, శ అక్షరాలు విచ్చుకుంటాయి. నేను తిప్పినప్పుడు నాటకంలో వెనక ఎక్కడో గిన్నె చప్పుడు వినిపించింది. అప్పటిదాకా అది టేపు గోల అనుకున్నాను.

హెడ్‌ఫోన్ కంత నుంచి వైరుతో లాప్‌టాప్‌కి కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేయొచ్చు. 60 నిమిషాల క్యాసెట్టుకి 60 నిమిషాలూ కూర్చోవాలి, తొందరపెట్టే దారి లేదు. కుదించని వేవ్ (.wav) ఫైలుగా దాచితే స్టీరియోలో క్యాసెట్టుకి 600 ఎంబీ దాకా అవుతుంది. రేడియో నుంచి పట్టింది మోనోనే కాబట్టి సగం చాలు. గోల తీసేసే ఫిల్టర్లు ఉన్నాయి. ఉన్నాయి కదా అని గట్టిగా వాడితే గొంతులు నీళ్లలోంచి వచ్చినట్టవుతాయి. కాస్త 'హిస్' ఉండనివ్వండి.

ఇంత చేశాక ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేసి, శ్లోకాలు వినడానికి సంతల్లో అమ్ముతారే, ఆ చిన్న స్పీకర్‌లో పెడితే సరి. ఒక్క బటన్. ప్రకటనలు లేవు, నెట్ అక్కర్లేదు.

## పాటలు నింపి అమ్మే పెట్టెలు

సరిగమ వారి కార్వాన్ లాంటివి. చూడ్డానికి పాత రేడియోలా ఉంటుంది, మీటలు పెద్దవి, పెద్దవాళ్లకి బహుమతిగా బాగుంటుంది. హిందీ పెట్టెలో ఐదు వేల పాటలతో పాటు అమీన్ సయానీ గీత్‌మాలా కూడా ఉంది. 1952లో రేడియో సిలోన్‌లో మొదలైన ఆ కార్యక్రమం విన్న తరం మనవైపు కూడా చాలానే ఉంది. కానీ అందులో ఉండేది పాటలే. తెలుగు రేడియో నాటకం కోసం ఇది కొంటే డబ్బు దండగ. రేడియో ఉంది కదా అంటే, అందులో మీడియం వేవ్ ఉందో లేదో ముందు చూసుకోవాలి.

## ఎవరికి ఏది

ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి ట్రాన్సిస్టరూ, పెన్‌డ్రైవ్ స్పీకరూ రెండూ ఇవ్వండి. ఒకటి రోజువారీ తోడు, రెండోది కోరిక తీర్చేది. రెండిటి మీదా రంగు టేపు ముక్క అంటించి ఏది దేనికో చెప్పండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకి యాప్, యూట్యూబ్ తప్ప వేరే దారి లేదు. వచ్చేటప్పుడు మీ అమ్మానాన్నల ఇంట్లో క్యాసెట్ల పెట్టె ఉందేమో అడగండి. అటక ఖాళీ చేసేటప్పుడు ముందు పోయేవి అవే.

సంగీతం నేర్చుకునేవాళ్లకి యాప్ మేలు. విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు, బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం లాంటివాళ్లు పనిచేసిన రోజుల రికార్డింగులు ఎప్పుడు వేస్తారో చెప్పలేం. పొద్దున చదివే కార్యక్రమాల వివరాలు ఓ చెవిన వేసుకుంటే తెలుస్తుంది.

ఎప్పుడూ రేడియో నాటకం వినని కుర్రాళ్ల సంగతి కొంచెం వేరు. వాళ్లకి పరికరం సమస్య కాదు, తెర లేకపోవడం సమస్య. ఐదు నిమిషాల్లో వేళ్లు ఫోను మీదకి పోతాయి. చేతులకి ఏదో పని ఉన్నప్పుడు వినమనండి. చిక్కుళ్లు ఒలుస్తూ, బట్టలు మడతపెడుతూ, బస్సులో కిటికీ పక్కన కూర్చుని. మొదట హాస్యంతో మొదలుపెట్టాలి. గణపతి అందుకు సరిగ్గా సరిపోతుంది. నండూరి సుబ్బారావు గొంతులో ఆ అల్లరి వినగానే మొహం కూడా కనపడుతుంది. ఆ తర్వాత శారదా శ్రీనివాసన్ ఊర్వశిగా వేసిన చలం 'పురూరవ'. ఇందులో అరుపులుండవు, సంగీతపు హోరు ఉండదు, రెండు గొంతుల మధ్య నిశ్శబ్దమే సగం నాటకం. అది హెడ్‌ఫోన్లో, రాత్రిపూట వినాలి. గరగరలాడే ట్రాన్సిస్టర్‌లో వింటే ఆ నిశ్శబ్దం పోతుంది. హిందీ వచ్చినవాళ్లయితే వివిధభారతి హవామహల్‌లో పావుగంట నాటికలు వెతుక్కోవచ్చు, మొదటిసారికి ఆ నిడివి తేలిక.

పెదనాన్నగారికి స్పీకరు ఉగాదికి పట్టుకెళ్లాను. బటన్ నొక్కారు. నాటకం నేరుగా మొదలైంది. అనవసరమని మొదట్లో అనౌన్స్‌మెంటు నేనే కత్తిరించేశాను. ఒక నిమిషం విని ఆపేశారు.

"పేర్లు చదవలేదేంట్రా?"

"ఎవరి పేర్లండీ?"

"వేసినవాళ్ల పేర్లు. అది లేకుండా నాటకం ఏంటి?"

మర్నాడు గుడివాడ నుంచి వచ్చేశాక అసలు ఫైలు మళ్లీ తెరిచి, కోసిన నిమిషంన్నర తిరిగి కలిపి, పెన్‌డ్రైవ్ కొరియర్‌లో పంపాను.